డేరా ఎత్తే విద్య

అప్పులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఊరొదిలిన వాణ్ని "డేరా ఎత్తేశాడు" అంటాం. కొలువు ఊడినవాణ్ని "తట్టాబుట్టా సర్దుకో" అంటాం. ఈ మాటలు మొదట అన్నవాడెవడో గాని, నాటకం వాళ్లు డేరా ఎత్తడం జన్మలో చూసి ఉండడు. చూసినవాడైతే పారిపోయేవాడికి ఆ పోలిక కట్టబెట్టడానికి నోరు రాదు. నేను చూశాను. పాతికేళ్లుగా ఏటా చలికాలంలో చూస్తూనే ఉన్నాను. మొదట్లో నాటకం కోసమే పోయేవాణ్ని. ఇప్పుడు నాటకంలో కాసేపు కునికినా కునుకుతాను గాని, అది అయిపోయాక జరిగేది మాత్రం రెప్ప వేయకుండా చూస్తాను. మా ఆవిడ ఈ అలవాటుకు ఒక పేరు పెట్టింది. అది అచ్చులో వేయదగ్గది కాదు.

మాది చంద్రపూర్. పాతవాళ్ల నోట చాందా. బొగ్గు గనులకీ, బల్లార్షా కాగితం మిల్లుకీ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ కావలసినన్ని. కాజీపేట నుంచి వచ్చే రైలు బల్లార్షాలో ఆగగానే ప్లాట్‌ఫారం మీద సగం మాట తెలుగు, సగం మరాఠీ. జిల్లాకి తూర్పున మూల్, సిందేవాహీ, నాగభీడ్, బ్రహ్మపురి తాలూకాలు. వాటిని ఆనుకుని గడ్చిరోలి, గోందియా, భండారా జిల్లాలు. ఈ మొత్తం వరి నేలని ఝాడీపట్టీ అంటారు. ఝాడీ అంటే చెట్టూచేమా. అడవి పక్కన పొలం, పొలం పక్కన చెరువు, చెరువు పక్కన ఊరు. దీపావళి వెళ్లి కోతలు మొదలయ్యాయంటే ఈ ఊళ్లలో నాటకాలు మొదలవుతాయి. హోలీ దాకా ఆగవు. పగలు ఎడ్ల పందెం, రాత్రి నాటకం. పందేన్ని ఇక్కడ శంకర్‌పట్ అంటారు. రాత్రి పదింటికి ఎత్తిన తెర కోడి కూసే వేళకి గాని దిగదు. గడ్చిరోలి జిల్లాలోని వడసా ఈ నాటకాలకి రాజధాని. ఊళ్లవాళ్లు అక్కడికి పోయి కంపెనీని మాట్లాడుకుని, బయానా ఇచ్చి, తేదీ రాయించుకుని వస్తారు. ఈ రంగస్థలం మీద వందల వేషాలు కట్టిన పరశురామ్ ఖుణేకి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వైపు టపాకాయలు కాల్చారు. కాల్చాల్సిందే. ఆయన గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆయన నిలబడ్డ బల్లల గురించి రాస్తాను.

కంపెనీ ఇవాళ రాత్రికి అరవై కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో ఆడాలి. ఇవాళ తెల్లారుజాము నాలుగున్నరకి ఇక్కడ పాట ముగిసింది. మధ్యలో ఉన్నది ఒక పగలు. ఆ పగట్లోనే వేదిక విప్పాలి, సర్దాలి, లారీకెత్తాలి, అడవి దారిన తోలాలి, దించాలి, మళ్లీ కట్టాలి. సీజనంతా ఇదే తంతు. నటుడికి గొంతు పోతే పక్కవాడు నెట్టుకొస్తాడు. తెర చిరిగినా, డిమ్మరు పెట్టె దారిలో పగిలినా నెట్టుకురావడానికి ఎవడూ ఉండడు. కాబట్టి నా మట్టుకు నాకు ఝాడీపట్టీ నాటకంలో అయిదో అంకం ప్రేక్షకులు లేచిపోయాకే మొదలవుతుంది.

ఆ అంకానికి నాయకుడు ఒక ముసలాయన. పేరు రాయొద్దన్నాడు, రాయను. అందరూ కాకా అంటారు. సిరోంచ వైపు మనిషి. గోదావరి ఆ గట్టున పుట్టినవాడు కాబట్టి మరాఠీ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజునుంచి నాకు ఆయన దగ్గర ఒక మూట మీద కూర్చునే హక్కు దొరికింది. ఆయన చేతి కింద ఏడుగురు పనివాళ్లు. నేను గడియారం పెట్టుకుని చూశాను. ముప్పై అడుగుల వేదిక, పది తెరలు, లైట్లు, మైకులు, పైకప్పు, బల్లలు అన్నీ నేలకి దిగి మూటలై నిలబడటానికి గంటా ఇరవై నిమిషాలు. అందులో ఒక టీ కూడా ఉంది.

వేగం చూసి మోసపోకూడదు. వేగంగా పీకడం ఎవడికైనా వస్తుంది. తుపానుకి మహా బాగా వచ్చు. కాకా గొప్పతనమంతా వరసలో ఉంది. మొదట నడిచిపోయే వస్తువులు పెట్టెల్లో పడతాయి. అంటే కత్తులు, కిరీటాలు, మైకులు, ఉత్తరం చదివే సీనులో ఉత్తరం. ఇవి కాళ్లున్న సామాన్లు, చీకట్లో ఊరి పిల్లల జేబుల్లోకి నడిచిపోతాయి. తరవాత తెరలు. పైకప్పు ఇంకా ఉండగానే తెరలు చుట్టేయాలి, ఎందుకంటే కార్తీకంలో తెల్లారుజామున మంచు జల్లులా పడుతుంది. కప్పు విప్పాక తెర దించినవాడు తడిసిన తెరని చుట్టినట్టే. తడి తెర చుట్టడమంటే బూజుకి పక్క వేయడమే. ఆ తరవాత లైట్లు. వాటిని ఆఖరి మాట అయిన మరుక్షణం ఆర్పి అలాగే వేలాడనిస్తారు. వేడి మీదున్న బల్బుని కదిపితే లోపలి తీగ తెగుతుంది. ఒకసారి నేను ఉత్సాహం కొద్దీ సాయం చేయబోతే కాకా నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు బిడ్డా, అది ఇంకా నాటకంలనే ఉన్నది" అన్నాడు. నేను చదివిన నాటక విమర్శలో ఇంత మంచి వాక్యం తక్కువ.

ముడుల దగ్గరికి వస్తే నాకు పూనకం వస్తుంది, పాఠకులు మన్నించాలి. పీటముడి, జారుముడి అని మనకి రెండు మాటలున్నాయి. పీటముడి వేయడం తేలిక, విప్పడం గండం. గోళ్లు విరుగుతాయి, చివరికి కొడవలి తేవాలి. జారుముడి మీద అపవాదు ఏమిటంటే అది నమ్మదగ్గది కాదని. కాకా వేసే ముడి ఈ రెండింటికీ మేనల్లుడు. బరువు పడ్డకొద్దీ బిగుస్తుంది. రాత్రంతా గాలికి కప్పు కొట్టుకున్నా ఒక్క వెంట్రుకవాసి జారదు. తెల్లారి కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే దండలోంచి దారం లాగినట్టు ఊడొస్తుంది. రహస్యం కొసలో ఉంది. ముడి వేసేటప్పుడే తాడు కొసని మడిచి లోపలికి దూర్చి, ఆ మడతని మూరెడు బయటికి వదుల్తాడు. "కట్టేటప్పుడే విప్పుడు యాదిలుండాలె" అంటాడు. ఒకసారి సిందేవాహీ తాలూకాలో, నాటకం ముగిసేసరికి కరెంటు పోయింది. అమావాస్య దగ్గర్లో ఉంది. టార్చీలు తెస్తామని కుర్రాళ్లు పరిగెత్తారు. వాళ్లు తిరిగొచ్చేలోపు ఈయన చీకట్లో తడుముకుంటూ పద్నాలుగు ముళ్లు విప్పి, తాళ్లు చుట్ట చుట్టి, వాటి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. బీడీ నిప్పు ఒక్కటే కనబడింది.

ఇక తెరలు. నేల మీద పరిచి నాలుగు మడతలు పెట్టే దుప్పటి కాదు తెర. గుడ్డ మీద రంగు పూత ఉంటుంది. మడత పెడితే మడత దగ్గర రంగు పగుల్తుంది, పగిలిన చోట పెచ్చు లేస్తుంది, ఏడాది తిరిగేసరికి రాజదర్బారు మధ్యలో తెల్లటి చారలు. అందుకే తెరని చుట్టాలి. అడుగున వెదురు బొంగు ఉంటుంది, దాని చుట్టూ చాప చుట్టినట్టు చుట్టాలి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటారు. ఇద్దరి చేతులూ ఒకేసారి తిరగాలి. ఒకడు అర చుట్టు ముందు పోయాడా, తెర వాలుతుంది, అడవిలో చెట్లన్నీ ఒక పక్కకి ఒరుగుతాయి, ఇంక ఆ ముడత జన్మకి పోదు. కాకా దగ్గర తెర చుట్టే ఇద్దరూ అన్నదమ్ములు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, గొణుగుతున్నట్టు ఏదో పాట లెక్కన తిప్పుతారు. చుట్టాక మూడు చోట్ల పాత చీర పేలికలతో కడతారు. తాడుతో కడితే తాడు అచ్చు పడుతుంది. బొంగు కొసన రంగుతో గుర్తు ఉంటుంది. ఆకు ఉంటే అడవి, గొడుగు ఉంటే దర్బారు, కువ్వారం ఉంటే తోట, అడ్డగీతలుంటే జైలు. చదువు రానివాడు కూడా అర్ధరాత్రి పరుగున వచ్చి కావలసిన బొంగే లాగుతాడు. ఇరవై అడుగుల అడవి మొత్తం అరటి బోదె లావు చుట్టై, ఇద్దరి భుజాల మీద సాగిపోతుంటే చూడాలి. పులులూ జింకలూ ఏటిగట్టూ అన్నీ అందులోనే.

ఇక్కడ నేను ఒక పక్షం వహించక తప్పదు. తెరని ప్రాణంగా చూసుకోవడంలో మా ఝాడీపట్టీ గొప్పదే గాని, సురభి వాళ్లని మించినవాళ్లు ఈ దేశంలో లేరు. కాదన్నవాడితో తగువుకు సిద్ధం. మరాఠీ నాటకానికి 1843లో సాంగ్లీలో విష్ణుదాస్ భావే ఆడించిన సీతా స్వయంవరం మొదలంటారు. ఆ ఒరవడి ధార్వాడ మీదుగా మన తెలుగు ఊళ్లకి దిగిందని పుస్తకాల్లో ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి అనే పల్లెలో వనారస గోవిందరావు కీచకవధ ఆడించడంతో సురభి పుట్టింది. వాళ్ల పూర్వులు మరాఠా గడ్డ నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆరె మరాఠీ, వేదిక మీద గ్రాంథికపు తెలుగు. చంద్రపూర్‌లో కూర్చుని రెండు భాషల మధ్య బతికే నాలాంటివాడికి ఈ సంగతి ఎంత తీపిగా ఉంటుందో చెప్పలేను. చరిత్ర ఇంతవరకు చాలు, పని దగ్గరికి వద్దాం.

నాటకం కట్టకముందు ఆ కుటుంబాలవాళ్లు తోలుబొమ్మలాట వాళ్లు. ఈ ఒక్క ముక్కలోనే వాళ్ల సర్దుబాటు విద్య అంతా ఉందని నా వాదం. తోలుబొమ్మ పుట్టుకతోనే పలచన. పది తలల రావణుడైనా అట్ట మందం ఉండడు. లంక, అయోధ్య, వానర సైన్యం, సముద్రం అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒక బుట్టలో పడతాయి. ఆ బుట్ట ఎత్తుకుని ఊరూరూ తిరిగినవాళ్ల మనవలు నాటకం కట్టినప్పుడు, లోతున్న ప్రతి వస్తువునీ పలచగా ఎలా చేయాలా అని ఆలోచించారు. స్తంభం కావాలా, గుడ్డ మీద స్తంభం. కోట కావాలా, గుడ్డ మీద కోట, దాని ముందు ఇంకో గుడ్డ మీద కోట గోడ, దాని ముందు చెట్టు ఆకారంలో కత్తిరించిన వింగు. దూరం నుంచి చూస్తే అరకోసు లోతు. దించితే అంతా బొంగు చుట్టే. నిజం కొయ్యతో కోట కట్టిన కంపెనీలు కోటతో పాటు మునిగాయి. గుడ్డ కోట కట్టినవాళ్లు నూటనలభై ఏళ్లుగా నిలబడ్డారు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం దగ్గర సురభి వాళ్ల మాయాబజారు చూసి, అలవాటు ప్రకారం జనం పోయాక ఆగిపోయాను. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతట అవే ఎగిరి పడటం, బాణం బాణం గాల్లో ఢీకొని నిప్పులు రాలటం, మేఘం మీద నారదుడు దిగటం, ఇవన్నీ అందరూ చూస్తారు. ఆ లడ్లని నడిపిన తీగ ఏమవుతుందో ఎవరూ చూడరు. నేను చూశాను. వెంట్రుక కన్నా కాస్త లావు, నల్లటి తీగ. ఒక పెద్దాయన దాన్ని చెక్క ఉండకి చుడుతున్నాడు, వేళ్ల మధ్య జారనిస్తూ, ఎక్కడైనా మెలిక తగిలితే ఆగి గోటితో నిమురుతూ. మెలిక ఒక్కటి మిగిలినా రేపటి లడ్డు మధ్య దారిలో ఆగిపోతుంది, ఘటోత్కచుడు నోరు తెరుచుకుని నిలబడాలి. "ఇది ఎటు నుంచి ఎటు పోతుంది బాబాయ్?" అని అడిగాను. నవ్వి, ఉండని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ పక్కన రుక్మిణి వేషం తీసేసిన అమ్మ కిరీటాన్ని పాత నూలు చీరలో చుడుతోంది. ఆమె బిడ్డ అప్పటికే చుట్టేసిన రాజదర్బారు మీద పడి నిద్రపోతోంది. ఆ ఒక్క చుట్టనీ చివరిదాకా ఎవరూ కదపలేదు.

శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీ గారికి, అంటే రేకందార్ నాగేశ్వరరావు గారికి, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన పోయారు. కన్నడ రంగస్థల దిగ్గజం బి.వి. కారంత్ సురభి వాళ్లతో కలిసి భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించినప్పుడు పట్నం మేధావులంతా సురభి నటన గురించి మాట్లాడారు. తెర గురించి రెండు ముక్కలన్నారు. ఆ తెరని చుట్టిన చెయ్యి గురించి ఒక్క ముక్కా అనలేదు.

వైర్ల సంగతి చెప్పకపోతే కాకాకి కోపం వస్తుంది. చాలామంది మైకు వైరుని మోచేతికీ బొటనవేలికీ మధ్య గబగబా చుట్టేస్తారు, పెళ్లివారింట్లో అందరం చూస్తాం. చుట్టు చుట్టుకీ లోపలి రాగి తీగ ఒక మెలి తిరుగుతుంది. నెల తిరిగేసరికి ఎక్కడో లోపల తెగి, కథానాయిక కన్నీళ్ల సీనులో గర్రుమంటుంది. కాకా వైరుని ఒక చుట్టు లోపలికి, తరవాతి చుట్టు బయటికి తిప్పి చుడతాడు. ఒక మెలిని ఇంకో మెలి తినేస్తుంది. విప్పేటప్పుడు కొస పట్టుకుని విసిరితే నలభై గజాలు నేల మీద గీత గీసినట్టు పరుచుకుంటుంది. మోచేతికి చుట్టే కుర్రాణ్ని ఆయన తిట్టే తిట్లు నాలుగు జిల్లాల మాండలికాల్లో ఉంటాయి. పెట్రోమాక్సుల కాలంలో ఇంకా తిప్పలట. వెలిగిన మాంటిలు బూడిద గూడు, ఊపితే రాలిపోతుంది. అందుకే ఏ ఊరికి ఆ ఊరే కొత్త మాంటిలు కట్టేవారట. ఆ రోజుల్లో ప్రయాణం ఎడ్లబండ్ల మీద. పెట్టెల వెడల్పు బండి తొట్టి కొలతకి చేయించేవారని చెప్పాడు. ఇప్పటికీ కంపెనీలో రెండు టేకు పెట్టెలు ఆ కొలతవే. లారీలో అవి ఎందుకూ సరిగ్గా ఇమడవు, అయినా ఆయన వదలడు.

లారీ ఎక్కించడం ఇంకో శాస్త్రం. "లారీని ఎనుకనుంచి చదువాలె బిడ్డా" అంటాడు. అవతలి ఊరికి చేరగానే మొదట ఏం కావాలి? గడ్డపార, సమ్మెట, మేకులు. కాబట్టి అవి చివర ఎక్కుతాయి, తలుపు పక్కన ఉంటాయి. తరవాత పైపులు, బల్లలు కావాలి. అవి బరువు, అడుగున ఉండాలి, కాని మొదట దిగాలి కూడా. ఈ చిక్కుని ఆయన ఎలా విప్పుతాడంటే బల్లల్ని పడుకోబెట్టడు, లారీకి ఒక పక్క నిలబెట్టి పేరుస్తాడు. పైపులు వాటి పాదాల దగ్గర తలుపు దాకా పొడుగ్గా ఉంటాయి. బల్లల గోడకీ లారీ గోడకీ మధ్య మిగిలిన సందులో తెరచుట్టలు పొడుగ్గా. తెర మీద ఏ బరువూ పడకూడదు. తెర మీద పెట్టదగ్గది ఒక్కటే, వేషాల బట్టల మూట. లైట్ల పెట్టెలు డ్రైవరు వెనక గోడకి ఆనించి, మధ్యలో గడ్డి కుక్కి. హార్మోనియం మాత్రం లారీ ఎక్కదు, వాయించేవాడి ఒళ్లో జీపులో పోతుంది. పైన తాడపత్రి, అదే మన కోస్తా వైపు బరకం. తోవలో అడవి దారిన వేలాడే కొమ్మలు గీరుకుంటాయి కాబట్టి పై ఎత్తు కూడా లెక్కే.

ఈ లెక్క చిన్నదనుకునేవాళ్లకి రెండు సంగతులు. అస్సాంలో అచ్యుత లహ్కర్ 1963లో పాఠశాల అనే ఊళ్లో నటరాజ్ థియేటర్ మొదలుపెట్టి, హాలంతటినీ ట్రక్కులకెక్కించి ఊరూరూ తిప్పాడు. పక్కపక్కనే రెండు వేదికలు, ఒకదాని మీద ఆట నడుస్తుంటే రెండోదాని మీద తరవాతి సీను సిద్ధం. ఇప్పటికీ అక్కడ సంచార నాటకమంటే పెద్ద పరిశ్రమ. ఇక 1897 తరవాత బార్నమ్ అండ్ బెయిలీ సర్కసు అయిదేళ్లు యూరప్ తిరిగినప్పుడు, ఏనుగుల్ని చూడకుండా సామాను రైలెక్కించే పద్ధతి చూడటానికి జర్మన్ సైనికాధికారులు నోటుపుస్తకాలతో వచ్చేవారట. కాకాకి ఈ కథ చెప్పాను. "రాసుకున్నరా? మంచిది. మనోళ్లు ఎవ్వరు రాసుకోలే" అన్నాడు.

ఇక కోపం వచ్చే చోటికి వచ్చాను. మూడు నాలుగేళ్లుగా ఫ్లెక్సు తెరలు వచ్చాయి. కంప్యూటర్లో ఎవడో చేసిన బొమ్మ, రాత్రికి రాత్రి అచ్చు వేసి తెస్తారు. నిగనిగలాడుతుంది, లైటు పడితే కళ్లలో గుచ్చుతుంది. అందులో దర్బారు స్తంభాలకి నీడ లేదు, అడవికి గాలి లేదు. సరే, చవక. దాన్ని విప్పడం చూశారా? ప్లాస్టిక్ టైలతో బిగిస్తారు, ముడి లేదు, విప్పడం లేదు, కట్టరు పెట్టి టకటకా కోసేయడమే. తెర కింద పడుతుంది, కాలితో నెట్టి చుడతారు, చుట్టినట్టు కాదు నలిపినట్టు. నిరుడు మా పట్టణంలో ఒక హాల్లో ఈవెంటు కుర్రాళ్లు వేదిక విప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. అరగంటలో అయిపోయింది. కాకా కన్నా దాదాపు మూడింతల వేగం! నేల నిండా తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు, వంగిన మేకులు, విరిగిన ప్లైవుడ్డు. ఏదీ రేపటికి పనికిరాదు. రేపటికి మళ్లీ కొంటారు. అది విప్పడం కాదు, కూల్చడం. ఇంగ్లీషువాళ్లు ఈ పనికి స్ట్రయిక్ అని పేరు పెట్టుకున్నారు. వీళ్లకి ఆ పేరే సరిపోయింది.

ఒక ఊళ్లో దుర్యోధనుడి కొలువుకూటం ఫ్లెక్సు ఇప్పుడు గేదెల కొట్టం మీద కప్పి ఉంది. సగం సింహాసనం, దాని కింద పేడ. గేదెలకి వాన తడవకుండా పనికొచ్చినందుకు సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. ఇక ఎల్‌ఈడీ గోడలు వస్తున్నాయి. వెనక నిజం జలపాతం కదులుతుంటే ముందు నటుడు బొమ్మలా కనబడతాడు. పోస్టర్ల మీద ముంబై సీరియల్ తారల మొహాలు గుమ్మడికాయంత, ఊరి నటుల మొహాలు రేగుపండంత, కాకాల పేర్లు అసలే లేవు. తార కారులో వచ్చి, తన రెండు సీన్లు ముగించి, తెల్లారకుండానే వెళ్లిపోతుంది. తారకిచ్చే డబ్బులో పిసరంత పెడితే ఒక కొత్త తెర రాయించొచ్చు. నన్ను ఛాందసుడు అంటారని తెలుసు. అననీయండి. పరిషత్తు పోటీల్లో నాటకానికీ నాటకానికీ మధ్య ఇచ్చే కొద్ది నిమిషాల్లో సెట్టు లేపి సెట్టు దించే మన తెలుగు కుర్రాళ్లనయినా అడగండి, చేతికి ముడి తెలిసినవాడు ఒక్కడుంటే ఎంత ధైర్యమో చెబుతారు.

కాకా కొడుకు ఈ పనిలోకి రాలేదు. గనిలో కాంట్రాక్టు పనికి పోతున్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. ఇక్కడ సీజను నాలుగైదు నెలలు, తరవాత చేతులు ఖాళీ. పనివాళ్లు ఏడుగురిలో నలుగురికి యాభై దాటింది. నా విన్నపం పెద్దది కాదు. గడ్చిరోలిలో 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయం పెట్టారు, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల శాఖ ఉంది. ఎవరో ఒకరు ఒక్క సీజను పిల్లల్ని పంపండి. నాటకం చూడ్డానికి కాదు, తెల్లారుజామున నాలుగున్నరకి మూట మీద కూర్చోవడానికి. ఆ ముడి వేయడం నేర్చుకోమనండి, కాగితం మీద బొమ్మ గీయమనండి. సురభి పెట్టెల్లో తాళం పడ్డ తీగల సంగతి వాళ్ల ఇష్టం, ఇంటి గుట్టు. కాని తెర చుట్టే చేతిని, లారీ పేర్చే కంటిని కెమెరాతో పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చలికి ఒక దుప్పటి చాలు.

పోయిన పుష్యమాసంలో నాగభీడ్ దగ్గర ఒక ఊళ్లో ఆఖరుసారి చూశాను. నాటకం మధ్యలోనే తూర్పున మెరుపులు మొదలయ్యాయి. ఆట ఆపడానికి ఊరి పెద్దలు ఒప్పుకోలేదు, టికెట్టు కొన్న జనం కదా. కాకా వేదిక వెనక నిలబడి, ఇంక కథలో రాని తెరల్ని ఒక్కొక్కటే, ఆట నడుస్తుండగానే, చప్పుడు కాకుండా దించి చుట్టిస్తున్నాడు. తోట దిగింది, జైలు దిగింది. ముందు కథానాయకుడు తల్లి కాళ్ల మీద పడి ఏడుస్తున్నాడు, వెనక అన్నదమ్ములిద్దరూ గొణుగుపాట లెక్కన బొంగు తిప్పుతున్నారు. ఆఖరి పాటకి మిగిలింది ఇంటి వసారా తెర ఒక్కటే. మంగళం పాడి జనం లేచేసరికి అదీ చుట్టుకుపోయింది. వాన పడింది. తాడపత్రి మీద డప్పు వాయించినట్టు పడింది. లారీ అడుగున ఒక్క బల్ల తడిసింది, అంతే.

వాన వెలిశాక తెల్లారింది. పొలం బోసిగా ఉంది. కుర్రాళ్లు లారీ ఎక్కారు. కాకా ఎక్కలేదు. గుంజలు పాతిన చోటల్లా మిగిలిన గోతుల్ని కాలితో మట్టి తోస్తూ పూడుస్తున్నాడు. ఒక్కొక్కటీ పూడ్చి, పైన తొక్కి, ఇంకోదాని దగ్గరికి. ఎందుకని అడిగితే, "ఎడ్లు తిరుగుతయి బిడ్డా, కాలు పడితే ఇరుగుతది" అన్నాడు. పదహారు గోతులు పూడ్చాడు. ఆఖరిదాని దగ్గర వంగి బురదలోంచి ఒక గజ్జె ఏరి, తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. తరవాత లారీ వెనక తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. గడ్డపార తలుపు పక్కనే ఉంది. ఎక్కి కూర్చున్నాడు.